బాత్రూమ్‌లో నీళ్ళు నిలుస్తున్నాయా? ఒక్క టైలు పగలకుండా నెట్టుకొచ్చే 10 చిట్కాలు

కొత్త ఫ్లాట్‌లో దిగారు. స్నానం చేసి చూస్తే నీళ్ళు జాలీ వైపు పోకుండా కమోడ్ వెనక మూలకు చేరుతున్నాయి. కొన్ని గడప దాటి బెడ్‌రూమ్‌లోకి వస్తున్నాయి. మన ఇళ్ళలో బాత్రూమ్ అంటే నేలంతా తడిసేదే. షవర్, బకెట్, మగ్గు, బట్టలుతకడం, అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. అలాంటి నేలకు వాటం కుదరకపోతే వెంటనే బాగుచేయించాలని చాలామంది కంగారుపడతారు. ఆ కంగారు వల్లే దుమ్ము, చప్పుడు, ఖర్చు, పక్కింట్లో స్నానాలు. కాస్త తెలివి, బోలెడంత బద్ధకం ఉంటే ఇవేవీ అక్కర్లేదు. ఈ చిట్కాలు వరసగా పాటించండి.

1. వాటం ఎంతుందో కొలవకండి

షవర్ నేలకు అడుగుకి పావు అంగుళం వాటం ఉండాలని పని తెలిసిన మేస్త్రీలు అంటారు. గోడ నుంచి జాలీ దాకా 6 అడుగులుంటే నేల అంగుళంన్నర దిగాలన్నమాట. రసమట్టం పెడితే నిమిషంలో తేలిపోతుంది. అందుకే రసమట్టాన్ని ఇంటి ఛాయలకు రానివ్వకండి. గోలీ దొర్లించి చూద్దామనే పిల్లలనూ ఆపండి. కొలిస్తే లోపం బయటపడుతుంది, బయటపడితే బాగుచేయాల్సి వస్తుంది. ఎవరైనా అడిగితే "కొత్త ఇల్లు కదండీ, ఇంకా సర్దుకుంటోంది" అనండి. కొన్నేళ్ళు పోయాక అడిగితే "పాత ఇల్లు కదండీ, మామూలే" అనండి. ఈ రెంటికీ మధ్యలో అడిగితే వాస్తు పేరు చెప్పండి. నీళ్ళు ఈశాన్యానికి పోవడం మంచిదంటే ఎవరూ ఎదురు చెప్పరు.

2. వైపర్ కొనండి, మీరు మాత్రం పట్టుకోకండి

"ఆఖర్న స్నానం చేసినవాళ్ళే నేల తుడవాలి" అని ఇంట్లో రూలు పెట్టండి. ఆ తర్వాత రోజూ అందరికంటే ముందు మీ స్నానం కానిచ్చేయండి. కమోడ్ వెనక సందులోకి వైపర్ దూరదు. అక్కడ గ్లాసుడు నీళ్ళు, నాలుగు వెంట్రుకలు, అరిగిపోయిన సబ్బు పలుకు ఎప్పుడూ ఉంటాయి. వాటి జోలికి పోకండి. ఎప్పుడోగానీ వాడని రెండో బాత్రూమ్‌లో నిలిచిన నీళ్ళవైపు అసలు చూడకండి. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ నిలవున్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో అయితే వారం పది రోజుల్లో ఆ గుడ్డు దోమై ఎగురుతుంది. దోమ మీ ఇంట్లో పుట్టినా మందు కొట్టాల్సింది మున్సిపాలిటీ. వార్డు ఆఫీసుకు ఫోన్ చేసి ఫాగింగ్ ఎందుకు చేయట్లేదని గట్టిగా నిలదీయండి.

3. బిల్డర్‌కు కాగితం మీద ఏదీ పెట్టకండి

2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్ళలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం ఉందని మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. లేదంటే పరిహారం కట్టాలి. అనవసరంగా ఆయనతో సఖ్యత చెడగొట్టుకోకండి. ఉత్తరం రాయొద్దు, మెయిల్ పెట్టొద్దు, తేదీ వేసి ఫొటో తీయొద్దు. లిఫ్ట్ దగ్గర కనిపించినప్పుడు మాత్రం "ఆ బాత్రూమ్ సంగతి కాస్త చూడండి సార్" అనండి. "కుర్రాడిని పంపిస్తానండీ" అంటాడు. అదే మీకు హామీ. దసరాకి ఒకసారి, ఉగాదికి ఒకసారి గుర్తుచేస్తూ ఉండండి. 5 ఏళ్ళు నిండిన మర్నాడు, మీ కోపమంతా చూపిస్తూ ఘాటైన ఉత్తరం రాయండి. చదవడానికి ఆయనకూ అప్పుడు తీరిక ఉంటుంది.

4. ఏ జబ్బుకైనా వైట్ సిమెంట్ పూయండి

టైళ్ళ సందుల్లో నీళ్ళు దిగుతున్నాయా? కిలో వైట్ సిమెంట్ తెచ్చుకోండి. పాత గ్రౌట్ గీకి తీసేసి, సందు ఆరబెట్టి, ఎపాక్సీ గ్రౌట్ నింపాలని షాపువాడు చెబుతాడు. అది పనిమంతుల పద్ధతి, మనకొద్దు. ఖాళీ పెరుగు డబ్బాలో వైట్ సిమెంట్ కలిపి, తడి నేల మీదే, పాత మురికి మీదే వేలితో రాసేయండి. అది గట్టిపడేదాకా ఆగక్కర్లేదు, సాయంత్రమే స్నానం చేసేయండి. సగం సిమెంటు సందులో ఉంటుంది, మిగతా సగం జాలీలోకి పోయి అక్కడ రాయవుతుంది. నీళ్ళు ఇంకా మెల్లగా పోతాయి. అప్పుడు ఇంకో కిలో తెచ్చుకోండి.

5. నెలకోసారి యాసిడ్ పోయండి

నేల మీద తెల్లగా ఉప్పు తేలితే లోపల తడి ఉందని అర్థం. అర్థాలు వెతక్కండి, యాసిడ్ పోయండి. టైలు తళతళ మెరుస్తుంది. సందుల్లో బుసబుసమని నురగ వస్తుంది. టైళ్ళ మధ్య ఉన్న సిమెంటును యాసిడ్ కరిగించడం వల్ల వచ్చే నురగ అది. మందు పనిచేస్తోందనడానికి అంతకంటే రుజువేం కావాలి? సందులు లోతుపడగానే 4వ చిట్కాకు వెళ్ళండి. ఒక నెల యాసిడ్, ఒక నెల వైట్ సిమెంట్. ఇలా ఏడాదంతా బాత్రూమ్ పట్ల శ్రద్ధ ఉన్నట్టు ఇంట్లోవాళ్ళకు కనిపిస్తుంది.

6. జాలీ కింది కప్పు తీసి పారేయండి

జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో కొంచెం నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి. 50 మిల్లీమీటర్లుంటే మంచిదంటారు. కింది పైపులోని కంపును, బొద్దింకలను ఆపేది ఆ నీళ్ళే. నీళ్ళు త్వరగా పోవాలంటే ఆ అడ్డు తొలగించడమే దారి. లోపలి కప్పు ఊడదీసి కిటికీలో పెట్టండి. నీళ్ళు సర్రున పోతాయి. రాత్రికి బొద్దింకలు పైకి వస్తాయి, వాసన హాల్లోకి వస్తుంది. కలరా ఉండలు 4 వేయండి, అగరొత్తి వెలిగించండి. చుట్టాలు ముక్కు మూసుకుంటే "పైవాళ్ళ పైపండీ" అనండి. పెంట్‌హౌస్‌లో ఉండేవాళ్ళు "అపార్ట్‌మెంట్ పైపండీ" అనాలి.

7. టైలు మీద టైలు వేయించండి, నున్నటివే వేయించండి

పాతది పగలగొట్టకుండా దాని మీదే కొత్త టైలు అంటించే మేస్త్రీని వెతకండి. ముందుగా రూపాయి బిళ్ళతో పాత టైళ్ళను తట్టి, డొల్ల శబ్దం వచ్చినవి తీసేయాలని చెప్పే మేస్త్రీ అయితే వద్దనండి. పాత నేల వాటం ఎటుంటే కొత్తదీ అటే పోతుంది కాబట్టి ఆలోచించాల్సిన పనే లేదు. నేల ఇంచుమించు అంగుళం లేచి గడపతో సమానమవుతుంది. తలుపు పట్టకపోతే అడుగున కోయించండి. కోసిన చోట చెక్క నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, మళ్ళీ కోయించండి. గరుకు టైళ్ళలో మురికి పడుతుంది కనుక అద్దంలా మెరిసేవే ఎంచుకోండి. నాన్నగారు జారిపడితే "చూసుకుని నడవాలి కదా నాన్నా" అని ప్రేమగా మందలించండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగిస్తే టైలుకు చిల్లు పడుతుంది, అందం పోతుంది.

8. కింది ఫ్లాటువారికి సమాధానాలు సిద్ధం చేసుకోండి

అసలు నేర్పు ఇక్కడే కావాలి. ఒక ఆదివారం పొద్దున్న కిందాయన ఫోన్‌లో సీలింగ్ ఫొటోతో వస్తాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోండి. కాఫీ ఇవ్వండి. "అయ్యో అన్నయ్యగారూ, ఇది మీ ఏసీ నీళ్ళేమో చూపించుకున్నారా?" అని మీరే సానుభూతిగా అడగండి. రెండోసారి వస్తే వర్షమనండి. ఏప్రిల్‌లో వస్తే టెర్రస్ మీది ట్యాంకు అనండి. మూడోసారి సెక్రటరీని వెంటబెట్టుకుని వస్తాడు. జాలీ మూసి, నేల మీద రెండంగుళాల నీళ్ళు నింపి, 24 గంటలు ఆగి చూద్దామంటాడు. సంతోషంగా ఒప్పుకోండి. అర్ధరాత్రి లేచి జాలీలో కుక్కిన గుడ్డ కొద్దిగా సడలించండి. పొద్దునకు నీళ్ళూ ఉండవు, కింద కొత్త మరకా ఉండదు. ప్లంబర్ వచ్చే రోజున తలుపుకు తాళం వేసి తిరుపతి వెళ్ళండి. వచ్చాక లడ్డూ ఇవ్వండి. ప్రసాదం చేతిలో పెట్టినవాళ్ళతో ఎవరూ పోట్లాడరు.

9. కిందాయనకు ఫాల్స్ సీలింగ్ సలహా ఇవ్వండి

మీ నేల కింది తడి ఆయన స్లాబులో ఇనుప చువ్వలను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, తన చోటుకు రెండింతలు మూడింతలు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. ఆయన ఒక పెచ్చు తెచ్చి మీ టీపాయ్ మీద పెట్టి చూపిస్తే, దాన్ని వెనక్కి తిప్పి చూడకండి. అటువైపు తుప్పు మరక, చువ్వ అచ్చు కనిపిస్తాయి. "ఈ రోజుల్లో సిమెంటే అంత అన్నయ్యగారూ" అనండి. తెలిసిన ఫాల్స్ సీలింగ్ కుర్రాడి నంబరు ఇవ్వండి. పైన ఏం జరుగుతోందో కిందనుంచి కనబడదు. ఆ పైన ఉన్న స్లాబు మీ నేలే, దాని మీద మీరు రోజూ బకెట్ నింపుకుని నిల్చుంటారు. ఆ ముక్క మాత్రం ఆయనకు గుర్తుచేయకండి.

10. పగలగొట్టక తప్పకపోతే సగమే పగలగొట్టండి

అసోసియేషన్ నోటీసు ఇస్తే కాదనలేరు. అప్పుడూ పద్ధతిగా చేయించకండి. పద్ధతి అంటే నేలంతా తవ్వడం, పైపుల చుట్టూ ఉన్న తడి రబ్బిష్ తీసి పారేయడం, స్లాబు ఆరబెట్టి వాటర్ ప్రూఫింగ్ రెండు పూతలు వేయడం, ఆ పూతను గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు లాగడం, నీళ్ళు నింపి పరీక్షించడం, ఆ తర్వాతే వాటం పెట్టి టైళ్ళు వేయడం. ఇందులో ప్రతి మెట్టుకూ ఒక రోజు పోతుంది. మీరు కారే మూల ఒక్కటే తవ్వించండి. సాయంత్రానికి ముగించాలని గుత్తకివ్వండి. పూత నేల వరకే చాలనండి, గోడ మొదట్లో ఆపేయమనండి. నీళ్ళ పరీక్ష వద్దు, అందులో తప్పు దొరికే ప్రమాదముంది. పాత పనికీ కొత్త పనికీ మధ్య అతుకు దగ్గర తొందర్లోనే తడి కనిపిస్తుంది. మేస్త్రీ ఫోన్ ఎత్తడు. అప్పుడిక బాత్రూమ్‌కు తాళం వేసేయండి. బకెట్లు, పాత పేపర్లు, పిల్లల సైకిలు లోపల పెట్టండి. నీళ్ళు వాడని నేల మీద నీళ్ళు నిలవవు, జారిపడేవాళ్ళూ ఉండరు, కిందాయన మెట్లెక్కి రావాల్సిన పనీ ఉండదు. ఇన్నేళ్ళ మీ ఓపికకు ఇదే ఫలితం. ఇంటిల్లిపాదికీ మిగిలింది ఒక్క బాత్రూమే కాబట్టి పొద్దున్నే వరస కట్టాల్సి వస్తుంది. ఆ వరసలో మొదటి వంతు మీరే పట్టేయండి.