ఇష్టంగా చేసే పనికి అమ్మ సంతకం ఎందుకో

ఏప్రిల్, మే నెలల్లో జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ మిట్టమధ్యాహ్నం ఎండలో వీధి వీధీ తిరిగేది ఇద్దరే: ఐసు బండి అబ్బాయి, అడ్మిషన్ల కోసం యాజమాన్యం తరిమిన ప్రైవేటు బడి టీచరు. మొదటివాడు అమ్మేది కరిగిపోతుందని అతనికీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. రెండోవారి చేతిలో ఉన్న కరపత్రం సంగతి అలా కాదు. (ఆ టీచరమ్మను అనేదేమీ లేదు. ఎన్ని అడ్మిషన్లు తెస్తే జీతం అంత భద్రం.) ఏసీ గదులు, డిజిటల్ బోర్డు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ వంటి పాత సరుకు పక్కన ఇప్పుడు ఒక కొత్త మాట చేరింది. అక్కడ పిల్లలకు హోమ్‌వర్కు భారం కాదట, ఆటట. ఇష్టంగా చేస్తారట, పై తరగతులకు వెళ్ళేకొద్దీ ఆ ఇష్టం ఇంకా పెరుగుతుందట. ఈ లెక్కన ఒకటో తరగతిలో రోజుకు అరగంట ఆనందించే పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాకా ఆనందిస్తుంటాడు. ఆ ఆనందం ఇల్లు పట్టక ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరి, తెల్లవారుజామున స్టడీ అవరులో మిగతాది అనుభవిస్తాడు.

ఈ మాటను కాదనడానికి ఎక్కడో వెతకక్కర్లేదు, అదే బడి ఇచ్చిన డైరీ తెరిస్తే చాలు. ఎడమవైపు సబ్జెక్టు, మధ్యలో హోమ్‌వర్కు, కుడివైపు ఇరుకు గడిలో పేరెంట్ సంతకం. పిల్లలు నిజంగా ఇష్టపడి చేసే పనులు మనకు తెలియనివి కావు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినట్టు నాన్న సంతకం చేయించుకు రమ్మని ఏ బడీ అడగలేదు. ఆదివారం క్రికెట్ ఆడనందుకు సోమవారం బెంచీ ఎక్కించిన దాఖలా లేదు. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కని పిల్లవాడి ఇంటికి ఫోను చేసి, మీవాడు వెనకబడుతున్నాడండీ అని ఎవరూ హెచ్చరించరు. హోమ్‌వర్కుకు మాత్రం సంతకం కావాలి, చేస్తే నక్షత్రం కావాలి, చేయకపోతే ఇంపోజిషన్ కావాలి, అప్పటికీ కుదరకపోతే తరగతి బయట నిలబెట్టాలి, ఆపైన వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టాలి. పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది కదా అంటే, ఇది వేధింపు కాదండీ క్రమశిక్షణ అంటారు. సరే, క్రమశిక్షణే అనుకుందాం. ఇష్టంగా చేసే పనికి అంత క్రమశిక్షణ ఎందుకు పట్టిందన్నదే ప్రశ్న.

అలాగని కరపత్రంలో ఉన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. ఒకటో తరగతి పిల్ల కొత్త నోటుబుక్కు మీద పేరు రాసుకుని, ఇంటికి రాగానే మెట్టు మీదే బ్యాగు విప్పి రాయడానికి కూర్చోవడం అందరూ చూసేదే. పెద్దవాళ్ళు చేసే పని తానూ చేస్తున్నానన్న సంబరం అది. కష్టమల్లా ఆ సంబరాన్ని బడి పట్టుకునే తీరుతోనే. 1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని ఎంచుకుని ఒక ప్రయోగం చేశారు. కొందరికి బొమ్మ వేస్తే బంగారు రంగు ముద్రా రిబ్బనూ ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే ఆశపెట్టి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగతావాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఏ బహుమతీ లేకుండా రంగు పెన్నులు ముందు పెట్టి చూస్తే, ఆశపెట్టి ఇచ్చిన పిల్లలు బొమ్మలు వేస్తూ గడిపిన సమయం మిగిలినవాళ్ళలో సగమే ఉంది. ఉన్న ఇష్టాన్ని నక్షత్రం తినేసింది. తర్వాత సుసాన్ హార్టర్ 1981లో ప్రచురించిన పరిశోధనలో, మూడో తరగతి నుంచి తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కుతూహలం కొద్దీ చదివే గుణం తగ్గుతూ పోయింది. అది హోమ్‌వర్కు ఒక్కదాని గురించి కాదు, బడి చదువు మొత్తం గురించి. అమెరికా పిల్లల గొడవ మనకెందుకంటారా, మన బడుల ఏర్పాట్లే అదే సాక్ష్యం చెబుతున్నాయి. ఒకటో తరగతికి నక్షత్రం సరిపోతుంది. ఐదుకు ఇంపోజిషన్ కావాల్సి వస్తుంది. ఎనిమిదికి ఇంటికి ఫోను వెళ్తుంది. పదిలో కుర్చీ వేసుకుని ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. ఏటేటా పెరిగేది ఇష్టమే అయితే కాపలా ఏటేటా తగ్గాలి కదా!

పన్నెండో ఎక్కం పదిసార్లు రాయమని ఇస్తారు. పిల్లలు దాన్ని ఎలా రాస్తారో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూడండి. పన్నెండు ఒకట్ల పన్నెండు అని అడ్డంగా రాయరు. ముందు పేజీ పొడుగునా పైనుంచి కిందికి పన్నెండు, పన్నెండు, పన్నెండు అని ఒక వరస దించుతారు. పక్కన ఇంటూ గుర్తులు ఒక వరస. తర్వాత ఒకటి నుంచి పది దాకా అంకెలు. తర్వాత రెండేసి గీతల వరస. చివరికి మొదటిసారి రాసిన దాంట్లోంచి జవాబులు చూసి దించుతారు, టీవీ మీద ఒక కన్ను వేసి. పది ఎక్కాలూ పూర్తవుతాయి, పన్నెండు ఏళ్ళు ఎంతో అడిగితే మాత్రం మళ్ళీ వేళ్ళు లెక్కపెడతారు. దీన్ని బద్ధకమనడం అన్యాయం. తెలివిలేని పనిని తెలివిగా చేయడం అది. కాపీ రైటింగ్‌లో మొదటి వరస ముత్యాల్లా ఉండి, పదో వరస చీమలు పాకినట్టు ఉండటానికి కారణం కూడా అదే. టీచరు కింద ఎర్ర ఇంకుతో టిక్కు పెడతారు. నలభై ఐదు పుస్తకాలు దిద్దాల్సినవాళ్ళకు అంతకుమించి తీరిక ఎక్కడిది?

ఇష్టం సంగతి పక్కన పెట్టి లాభం చూద్దామంటే, అక్కడా చిన్న తరగతుల ఖాతాలో పెద్దగా జమ లేదు. హోమ్‌వర్కు మీద దశాబ్దాలపాటు పనిచేసిన హారిస్ కూపర్ 1989లోనూ 2006లోనూ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ గుదిగుచ్చి చూశారు. హైస్కూలు పిల్లల్లో హోమ్‌వర్కుకూ మార్కులకూ ఓ మోస్తరు సంబంధం కనిపించింది. ప్రాథమిక తరగతుల్లో అది నామమాత్రం. ఆయనేమీ హోమ్‌వర్కు విరోధి కాదు, తరగతికి పది నిమిషాల చొప్పున ఇవ్వచ్చన్న పద్ధతిని సమర్థించినవాడే. ఆ లెక్కన మూడో తరగతికి అరగంట. ఆసియా పిల్లలు గంటల తరబడి చేయబట్టే ముందున్నారు కదా అని అడిగేవారున్నారు. 2012 పీసా అంతర్జాతీయ పరీక్షల నాటి లెక్కల్లో పదిహేనేళ్ళ షాంఘై పిల్లలు వారానికి దాదాపు 14 గంటలు హోమ్‌వర్కు చేశారు, మొదటి స్థానంలోనూ ఉన్నారు. దక్షిణ కొరియా, ఫిన్లాండు పిల్లలు మూడు గంటలలోపే చేసి వాళ్ళూ ముందు వరసలోనే ఉన్నారు. (కొరియాలో ట్యూషన్ల సంగతి వేరే కథ.) ఆ చైనాయే 2021 జులైలో ఒకటి రెండు తరగతులకు రాత హోమ్‌వర్కు ఇవ్వకూడదని ఆదేశించింది.

మన దగ్గర ఆదేశాలకు కొదవ లేదు. బడి సంచి బరువు తీసేయమని ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో మాట్లాడారు, ఆపైన యశ్‌పాల్ కమిటీ వేస్తే 1993లో భారం లేని చదువు గురించి నివేదిక ఇచ్చింది. సీబీఎస్ఈ బడుల్లో ఒకటి రెండు తరగతులకు హోమ్‌వర్కు వద్దని మద్రాసు హైకోర్టు 2018 మేలో చెప్పింది, అదే ఏడాది నవంబరులో కేంద్రమూ అన్నది. గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ వెళ్తే, తెలంగాణ ప్రభుత్వం 2017 జులైలోనే ప్రాథమిక తరగతులకు హోమ్‌వర్కు ఇవ్వద్దని జీవో ఇచ్చింది. మన జిల్లా 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి ఎన్టీఆర్ అయింది, డైరీ మీద ఊరి పేరు కింద జిల్లా పేరు మాత్రం శ్రద్ధగా మార్చి అచ్చువేశారు.

అసలు ఈ హోమ్‌వర్కు ఎవరిది? రాసే చేయి చూస్తే తెలిసిపోతుంది. ప్రాజెక్టు అంటే థర్మాకోల్, ఫెవికాల్, నెట్ సెంటర్లో తీయించిన రంగు ప్రింటు, వెరసి రెండు వందలు. జూన్‌లో మొదలై పరీక్షల దాకా ఫ్యాన్సీ షాపులో తయారు సరుకే దొరుకుతుంటే అమ్మ అర్ధరాత్రి దాకా కత్తిరించడం కూడా తప్పింది. అదే డబ్బూ, చదివిన అమ్మా లేని ఇంట్లో? పత్తి తీతలకో మిరప కోతలకో పొద్దున్నే ఆటోలో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చిన తల్లి, తాను చదవలేని ఇంగ్లీషు డైరీలో వేలు పెట్టి చూపిన చోట సంతకం చేస్తుంది. మర్నాడు తరగతిలో ఆమె కూతురు నిలబడుతుంది. ఇంటిపని పేరుతో బడి ఇచ్చే మార్కులు పిల్లకా, ఇంటికా? విచిత్రమేమిటంటే, ఏ ఇంటికీ ఖర్చులేని హోమ్‌వర్కు జగ్గయ్యపేటలో కళ్ళెదుటే ఉంది. ధనంబోడు దగ్గర 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనాలు దొరికిన చోటు. ఇక్కడి మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. వెళ్ళి చూసి రమ్మంటే పిల్లలు పరుగెత్తుకుంటూ పోతారు. కానీ చూసిన దాన్ని ఎర్ర ఇంకుతో దిద్దలేరు కాబట్టి, ఆ ఊరి పిల్లలు తాజ్‌మహల్ గురించి నెట్ సెంటర్లో ప్రింటు తీసుకొస్తారు.

తల్లిదండ్రులే ఎక్కువ ఇవ్వమని అడుగుతున్నారని బడులంటాయి. అందులో నిజముంది. ఫీజు కట్టినవాడికి సాయంత్రం చేతికి రసీదు కావాలి, నిండిన నోటుబుక్కు ఆ రసీదు. ఈ బేరం పెద్దవాళ్ళిద్దరికీ కుదిరింది, మధ్యలో చేయి నొప్పి పిల్లవాడిది. హోమ్‌వర్కు లేకపోతే ఫోను పట్టుకుని కూర్చుంటారన్నది మరో భయం. ఫోను భయంతో హోమ్‌వర్కు ఇస్తూ, ఆ హోమ్‌వర్కును వాట్సాప్‌లో పంపే తెలివి మనదే. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు అంటారు. వంగింది సరే, మానయ్యాక కాయలు కాయాలి కదా, ఇంటర్ అవగానే పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ముట్టని వాళ్ళని చూస్తూ ఆ సామెత చెప్పడానికి ధైర్యం కావాలి. ఒక్క అభ్యంతరం మాత్రం ఒప్పుకోవాల్సిందే. పదో తరగతి లెక్కలు ఇంట్లో సాధన చేయకుండా రావు. అయితే నాలుగు రకాల లెక్కలు నాలుగు చేయడం సాధన, ఒకే రకం నలభై చేయడం ఇంపోజిషన్. ఆ నాలుగూ పిల్లలకు ఇష్టమని చెప్పక్కర్లేదు. కష్టమే, కానీ అవసరం అని చెబితే పదిహేనేళ్ళవాడు అర్థం చేసుకుంటాడు. ఆనందంగా ఉందా అని అడిగితేనే వాడికి ఒళ్ళు మండుతుంది.

కాబట్టి ఈసారి కరపత్రం చేతికిచ్చినప్పుడు ఏసీ గురించి, బస్సు గురించి అడిగాక ఇంకో మాట అడగండి: మా పిల్లకు రోజుకు ఎన్ని నిమిషాల హోమ్‌వర్కు ఇస్తారు, కాగితం మీద రాసివ్వగలరా? జవాబు సరిచూసుకోవడానికి కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఉంది. రెండో తరగతి వరకు అసలు వద్దంది. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట మించకూడదంది, తొమ్మిది నుంచి పన్నెండు దాకా రెండు గంటలు. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు రెండు గంటలు మించకూడదు. రోజుకు కాదు, వారానికి.