పదిహేడు రెట్ల మునగాకు

ఆరోగ్యం పేజీకి ప్రమాణాలు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉన్నాయి, పైగా చాలా కఠినమైనవి. హెడ్డింగులో జబ్బు ఓడిపోయి తీరాలి: షుగర్‌కు చెక్, కొవ్వుకు గుడ్‌బై, మోకాళ్ల నొప్పులు మటుమాయం. పరిశోధన అమెరికాలోనో జపాన్‌లోనో జరగాలి, యూనివర్సిటీ పేరు మాత్రం బయటికి రాకూడదు. తిన్నది మనుషులా ఎలుకలా అని పాఠకుడు అడగడు కనక మనమూ ఎత్తం. ఎంత తినాలో చెప్పాల్సి వస్తే ‘రోజూ కొద్దిగా’ అన్న కొలతే వాడాలి. ఆ పరిశోధనకు డబ్బు ఎవరు పెట్టారని అడగడం మర్యాద కాదు. చివరి పేరాలో ‘నిపుణులు’ ఏదో ఒకటి సూచించాలి. ఈ నిపుణులు ఎప్పుడూ గుంపుగానే తిరుగుతారు. పేరూ ఊరూ అడుగుదామంటే ఒక్కడూ విడిగా చిక్కడు.

ఇన్ని నియమాలకూ కట్టుబడి పుట్టిన వాక్యాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. మునగాకులో పాలకన్నా 17 రెట్లు ఎక్కువ కాల్షియం ఉందట. ఆషాఢం వచ్చిందంటే చాలు, ఈ వాక్యం ఏదో ఒక అనుబంధంలో చిగురిస్తుంది. వెంట తోబుట్టువులనూ తెచ్చుకుంటుంది: క్యారెట్‌కు 10 రెట్లు విటమిన్ ఎ, అరటిపండుకు 15 రెట్లు పొటాషియం, పాలకూరకు 25 రెట్లు ఇనుము. ఇన్ని రెట్లు ఒక్క చెట్టుకే కాయడం చూసి మిగతా కూరగాయలు ఉరేసుకోకపోవడమే ఆశ్చర్యం.

ఆ 17 పుట్టుక కాస్త దగ్గరగా చూడండి. అందులో పచ్చి అబద్ధం లేదు, దాని పనితనమంతా అక్కడే ఉంది. త్రాసుకు ఒక పక్క ఎండబెట్టి దంచిన మునగాకు పొడి. రెండో పక్క అంతే బరువు పాలు. పాలలో, మన పాలవాడి చెయ్యి పడకముందే, 87 శాతం దాకా నీళ్లు. అంటే ఆకులో నీళ్లన్నీ పిండేసి, పాలలో నీళ్లన్నీ ఉంచేసి, ఇద్దరికీ పోటీ పెట్టి, గెలిచిందెవరో చూడండంటున్నారు. పాలను కూడా ఎండబెట్టి, పాలపొడిగా నిలబెట్టారనుకోండి, 17 కాస్తా జారిపోయి రెండు దగ్గర ఆగుతుంది. పోనీ ఆకును పచ్చిగానే తూచినా, 100 గ్రాములకు కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, ఆవుపాలలో 120 దగ్గర. అంటే రెండున్నర రెట్లు. ఆకుకూరకు అది తక్కువ గౌరవమేమీ కాదు. కానీ రెండున్నరను హెడ్డింగులో పెడితే ఎవరు చదువుతారు?

ఇక తినే సంగతి. చెంచాడు పొడి 5 గ్రాములనుకుందాం. వాళ్ల 17నే తీసుకుని గుణించినా 85 గ్రాముల పాలకు సమానం. అరగ్లాసు కూడా కాదు, చిక్కగా ఒక కాఫీకి సరిపోతుంది. పిల్లాడికిచ్చే గ్లాసు పాలు మానిపించి, అంత కాల్షియం పొడితోనే ఇవ్వాలంటే రెండు చెంచాలు దాటి నోట్లో పోయాలి. ఆ పొడి రుచి ఎరిగినవాళ్లకు నేను ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ పేజీలో ఎక్కడా చెంచా ఉండదు, రెట్లే ఉంటాయి. రెట్లకు బరువుండదు కదా, ఎన్నయినా వేసుకోవచ్చు.

మునగాకు మీద నాకేం పగ లేదు. పప్పులో వేసినా, వేయించి వెల్లుల్లితో కారప్పొడి కొట్టినా, దానికి సాటి కూర తక్కువ. నా పేచీ దాన్ని డబ్బాలో పోసి దివ్యౌషధం అన్నవాళ్లతోనే.

తమాషా ఏమిటంటే, ఈ లెక్కలు సరిచూసుకోవడానికి అమెరికా పోనక్కర్లేదు. హైదరాబాదులో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. మన దేశంలో తినే 528 రకాల ఆహారపదార్థాల్లో ఏముందో కొలిచి 2017లో పట్టికలు అచ్చువేసింది. 2024లో ఆహార మార్గదర్శకాలు వెలువరిస్తూ, కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని చెప్పింది. హైదరాబాదు పత్రికాఫీసుల నుంచి అక్కడికి వెళ్లడానికి సిటీ బస్సు చాలు. అయినా మన డెస్కుకు ‘ఓ అమెరికన్ అధ్యయనం’ దగ్గర, తార్నాక దూరం. పొరుగూళ్లో ఉన్నవాడిని నిపుణుడనడానికి మనకెందుకో నోరు రాదు.

అమెరికన్ అధ్యయనమంటే గుర్తొచ్చింది. 2015లో జాన్ బొహానన్ అనే అమెరికన్ విలేకరి, జర్మనీలో కొందరితో కలిసి, చాక్లెట్ తింటే త్వరగా సన్నబడతారని నిరూపించాడు. ప్రయోగం నిజంగానే చేశారు, రక్తం నిజంగానే తీశారు. చివరిదాకా మిగిలినవాళ్లు 15 మంది, వాళ్లు మూడు జట్లు. మూడు వారాలు నడిచిన ప్రయోగంలో ఒక జట్టు పిండిపదార్థాలు తగ్గించి, రోజుకు 42 గ్రాముల చేదు చాక్లెట్ తింది. బరువు, కొలెస్టరాల్, నిద్ర వగైరా 18 కొలతలు తీసుకున్నారు. కిటుకంతా ఈ 18లోనే. పద్దెనిమిది గాలాలు వేసుక్కూర్చున్నవాడికి ఏదో ఒకదానికి చేప తగలకపోదు. తగిలిన ఒక్కదాన్నీ పైకెత్తి, మిగతా గాలాలు నీళ్లలో వదిలేస్తే అదే శాస్త్రీయ విజయం. డబ్బు కడితే ఏదైనా వేసే పత్రిక ఒకటి, 600 యూరోలు పుచ్చుకుని, ఆ వ్యాసాన్ని అక్షరం మార్చకుండా అచ్చు వేసింది. రచయిత పనిచేసే సంస్థ అంటూ పెట్టిన పేరుకు ఒక వెబ్‌సైటు తప్ప, గోడా లేదు, గుమ్మమూ లేదు.

జర్మనీలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయే పత్రిక ఆ కబురును మొదటి పేజీలో వేసింది. తర్వాత ఆ కబురు ఇరవైకి పైగా దేశాలు చుట్టింది. బొహానన్ తర్వాత గుట్టు విప్పుతూ చెప్పిన మాట మన సబ్ ఎడిటర్లు టేబుల్ మీద అతికించుకోవచ్చు: పరిశోధనలో ఎంతమంది ఉన్నారన్న అంకె ఏ కథనంలోనూ రాలేదు. పదిహేను అని రాస్తే చాలు, కథ అక్కడే చచ్చేది. చాక్లెట్ వార్తను చంపడానికి ఎవరికి మాత్రం చేతులొస్తాయి?

వాళ్లు మోసపోవడానికి పాపం ఒక బూటకపు పరిశోధనైనా కావాల్సి వచ్చింది, మనకు అంత ఖర్చు కూడా అక్కర్లేదు. ఎక్కడో ఇంగ్లిషులో వచ్చిన ముక్కను ఒకరు తెలుగు చేస్తారు, దాన్ని ఇంకొకరు కాస్త కదిపి తమ పేజీలో వేస్తారు, అక్కణ్నించి వాట్సాప్ గ్రూపులకెక్కుతుంది, ఆర్నెల్లకు ‘మన పెద్దలు ఏనాడో చెప్పారు’ అన్న ముక్తాయింపుతో మళ్లీ డెస్కుకే తిరిగొస్తుంది. అచ్చులో చూసిన పాఠకుడు, ఇది నాకు ముందే తెలుసని తృప్తిపడతాడు. ఇట్లా ఒక తరం ఉప్పు మానేసింది, ఆ తర్వాత కొందరు గిన్నెలతో కొబ్బరినూనె తాగారు, ఆ వెనక కొర్రలూ అరికెలూ పెళ్లి భోజనాల దాకా వచ్చాయి. వీటిలో ఏది ఎవరికి మంచిదో, ఎవరికి చెడుపో, ఒక్కొక్కదానికీ విడిగా జవాబుంది. ఆ విడిగా అన్న మాటకే పేజీలో చోటు చాలదు, కిందంతా ప్రకటన ఉంటుంది మరి.

ఆ ప్రకటన గురించి ఒక మాట. పైన ‘జుట్టు ఒత్తుగా పెరగాలంటే బయోటిన్’ అని వ్యాసం, కింద బయోటిన్ గమ్మీల ప్రకటన. ఒకదానికొకటి సంబంధం లేదని ప్రమాణం చేసి చెప్పినా నేను నమ్మడానికి సిద్ధమే. కానీ ఎక్కువ మోతాదు బయోటిన్ వేసుకునేవాళ్లకు కొన్ని రక్తపరీక్షలు తప్పుగా రావచ్చని, అందులో గుండెపోటు తెలుసుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఉందని, 2017లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అమెరికా నుంచి వచ్చే కబుర్లన్నిటికీ తలుపు తీసే మన పేజీలో ఇదొక్కటే గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఇందులో డబ్బా తయారుచేసినవాడే కాస్త నయం. ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం సప్లిమెంట్ డబ్బా మీద ఇది మందుగా వాడటానికి కాదని రాయాలి. భూతద్దం పెట్టుకుంటే కనిపిస్తుంది గానీ, రాస్తాడు. వ్యాసం రాసేవాడికి ఆ ఇబ్బంది లేదు. 1954 నాటి మ్యాజిక్ రెమిడీస్ చట్టం, షుగరు నయం చేస్తామని ప్రకటన వేస్తే నేరమంటుంది. అదే మాట ప్రకటనలో వస్తే కేసు, నాలుగంగుళాలు పైన వ్యాసంలో వస్తే చిట్కా. తీపినీళ్ల పొట్లాలకు ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముతుంటే, అది విరేచనాలైన పిల్లలకు పట్టే ఓఆర్‌ఎస్ కాదని ఏళ్ల తరబడి పోరాడింది హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. 2025 అక్టోబరులో గానీ ఆ పేరు వాడొద్దన్న ఉత్తర్వు రాలేదు. ఆ ఏళ్లన్నిట్లో ఏ వేసవిలోనూ, ఎండదెబ్బకు ఏం తాగాలో చెప్పే వ్యాసాలకు మాత్రం కరువు రాలేదు.

‘పోనిద్దురూ, ఆకో కాయో తింటే ఎవరికేం నష్టం’ అంటారు పెద్దమనుషులు. ఆకూ కాయా తింటే నష్టం లేదు, నిజమే. వాటిలోంచి ఒక ముక్క పీకి మాత్రగా మింగించినప్పుడు సంగతి వేరు. క్యారెట్లూ ఆకుకూరలూ బాగా తినేవాళ్లకు ఊపిరితిత్తుల కాన్సరు తక్కువగా కనిపించింది. సరే, అందులో ఉండే బీటా కెరోటిన్‌దే ఆ మహిమ అనుకుని, ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్లను జట్లుగా విడదీసి, కొన్ని జట్లకు ఆ మాత్రలిచ్చి, ఏళ్ల తరబడి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర మింగినవాళ్లకు కాన్సరు 18 శాతం ఎక్కువ. అమెరికాలో అట్లాంటిదే ఇంకో ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ. క్యారెట్ మంచిదన్న మాట అబద్ధం కాలేదు, క్యారెట్ మాత్ర కాదని మాత్రం తేలింది. ఇది తేలి ముప్పై ఏళ్లు దాటింది. ఈ ఆదివారం కూడా ఎక్కడో ఒకచోట, ‘క్యారెట్ తినే తీరిక లేదా? అయితే ఈ మాత్ర’ అని ఒకటి కనిపిస్తుంది, వెతకండి.

ఇన్నిటికీ మన పత్రికలు కనిపెట్టిన విరుగుడు గమనిక. వ్యాసం అడుగున, వంకర అక్షరాల్లో, ‘ఇది అవగాహన కోసం మాత్రమే, పాటించే ముందు వైద్యుణ్ని సంప్రదించండి’. పైన ఆరు కాలమ్‌ల నిండా డాక్టరక్కర్లేకుండా షుగరు పోగొట్టి, కింద డాక్టరు దగ్గరికి పొమ్మనడంలో ఉన్న వినయం చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. ఆ గమనికను హెడ్డింగు సైజులోనూ, హెడ్డింగును గమనిక సైజులోనూ వేసి ఒక్క వారం చూస్తే బాగుండునని నాకో దుర్బుద్ధి.

సైజు ఊసు నా సొంతం కాదు, సుప్రీంకోర్టుది. 2024 ఏప్రిల్లో పతంజలి సంస్థ, తప్పుదారి పట్టించే ప్రకటనల కేసులో, 67 పత్రికల్లో క్షమాపణ వేయించింది. మరునాడు ధర్మాసనం అడిగిన ప్రశ్న: మీ ప్రకటనలెంత సైజో ఈ క్షమాపణా అంతేనా? అడిగిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన హిమా కోహ్లి. ఆ పత్రికల ముక్కలు పెద్దవి చేసి కాక, అచ్చయిన సైజులోనే కత్తిరించి తెమ్మన్నారు. మరునాటికి పెద్ద క్షమాపణలు వచ్చాయి.

అదే కొలబద్ద ఆరోగ్యం పేజీకి వేస్తే? చెక్ పెట్టిన ప్రతి షుగరుకూ, మటుమాయమైన ప్రతి మోకాలికీ, పడిన చోటే, పడినంత సైజులో, బొమ్మతో సహా సవరణ వేయాలంటే మన ఆదివారం అనుబంధాలకు పేజీలు చాలవు. వారఫలాల పేజీ అప్పు అడగాలి. వాళ్లు ఇస్తారని నాకు నమ్మకం లేదు. వాళ్ల జోస్యాలు తప్పినా సవరణ వేయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.