కోడెక్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: విండోస్ మీడియా ప్లేయర్ ఈ ఫైలును ప్లే చేయలేదు. ఈ రకం ఫైలు దానికి పడకపోవచ్చు, లేదా ఫైలును కుదించిన కోడెక్ పడకపోవచ్చు.

అవతారిక: గృహస్థుడొకడు చెల్లెలి పెళ్లి వీడియోను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, చుట్టాలందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, మౌసు రెండుసార్లు నొక్కగా వెలువడిన వాక్యమిది.

ప్రతిపదార్థం: విండోస్ మీడియా ప్లేయర్ = 1991లో ఉత్త మీడియా ప్లేయర్‌గా పుట్టి, 2009లో విండోస్ 7తో పన్నెండో అవతారమెత్తి, అక్కడే ఆగిపోయినది; ఈ ఫైలును = పైన చెప్పిన పెళ్లిని; ప్లే చేయలేదు = ఇక్కడ శంక. ఇది చేయకపోవడమా, చేయజాలకపోవడమా? తెలుగులో రెంటికీ ఒకటే రూపం. ప్లేయర్ స్వభావం తెలిసినవారు రెండర్థాలూ గ్రాహ్యమే అంటారు.

కోడెక్ = కోడర్, డీకోడర్ అను రెండు మాటలను చెరి సగం నరికి అతికించిన సమాసం. చాపను చుట్టేదీ, పరిచేదీ అని అర్థం. చుట్టడమెందుకనగా, ఫుల్ హెచ్‌డీ బొమ్మను సెకనుకు 25 ఫ్రేముల చొప్పున చుట్టకుండా దాస్తే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో నిమిషం పెళ్లి కూడా పట్టదు. పీటల మీది పెళ్లికూతురు పెద్దగా కదలదు గనుక, ముందు ఫ్రేముకీ దీనికీ మారినంత మేరకే రాసుకుంటుంది కోడెక్. చుట్టిన పద్ధతి తెలియనివాడు పరచలేడు. ఫైలు పేరు చివర కనబడే ఎవిఐ సంచి గుర్తు మాత్రమే; లోపలి సరుకు సంగతి అది చెప్పదు.

పూర్వపక్షం: విండోస్ ఇంట్లో పుట్టిన ప్లేయరుకు అన్ని కోడెక్‌లూ నేర్పరాదా? సమాధానం: కొన్నింటికి పేటెంటు రుసుము కట్టాలి. విండోస్ 8 నాటికి డీవీడీ చూపడం కూడా మాన్పించారు.

ఇంతమాత్రపు ప్లేయరును విండోస్‌కు అంటగట్టడం నేరమని 2004లో ఐరోపా కమిషన్ తేల్చింది. మరో నేరంతో కలిపి 49.7 కోట్ల యూరోల జరిమానా! ప్లేయరు లేని విండోస్‌నూ అమ్మమంది. అమ్మారు, కొన్నవారు అరుదు. ఊరకే వచ్చేదాన్ని వద్దనుకునేవాడు ఐరోపాలోనూ లేడు.

పాఠాంతరం: కొన్ని ఇళ్లలో ఈ సూత్రమే వినబడదు. అక్కడ 1996లో పారిస్ విద్యార్థులు మొదలుపెట్టిన వీఎల్‌సీ పాఠం చెల్లుతుంది. గుర్తు, రోడ్డు మీద పెట్టే నారింజరంగు శంఖువు. కోడెక్‌లను చాలావరకు కడుపులోనే మోస్తుంది.

అలంకారం: 'పడకపోవచ్చు' రెండుసార్లు వచ్చినందున సందేహాలంకారం.

తాత్పర్యం: పెళ్లి అయింది. చుట్టాలు కాఫీ తాగి వెళ్లారు.

మూలం కింద 'వెబ్ హెల్ప్' అను మీట కూడా కలదు. వ్యాఖ్యాతలెవరూ దానికి అర్థం రాయలేదు.