పైన ఆపండి, కింద వదలండి

నేను ల్యాండ్‌రోవర్‌ని. ఇంగ్లండులోని సోలిహల్ ఫ్యాక్టరీలో తయారైన సిరీస్ 3 బండిని. 1971లో మొదలైన వరస మాది. వాన పడితే లోపల కారే బండ్లని మా వంశానికి పేరు. అది మా పుట్టుకతో వచ్చిన గుణమని, దానికి మందు లేదని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. నన్ను ఎలా కూర్చారో చూడకుండా, తడి కనబడిన చోటల్లా లోపలి నుంచి సీలెంటు పూయడం వల్లే ఆ జబ్బు ముదురుతోంది. నీటిని పైన, బయటి వైపే ఆపాలి. తప్పించుకుని దూరినదానికి కింద దారి వదలాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మరిచినా చేసిన మరమ్మతు నిలవదు.

నా ఒంటి కూర్పు వెనక యుద్ధానంతర కాలపు కొరత ఉంది. రోవర్ కంపెనీ చీఫ్ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో అమెరికన్ విల్లీస్ జీపు వాడేవాడు. అలాంటి బండి తామే చేయాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. తొలి నమూనాను జీపు ఛాసిస్ మీదే కట్టారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో మా పెద్దన్న సిరీస్ 1 లోకానికి కనిపించాడు. అప్పట్లో బ్రిటన్‌లో ఉక్కు దొరకడం కష్టం. అందుకని ఒంటి రేకులకు బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రలోహం వాడారు. ఛాసిస్, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య నిలబడే బల్క్‌హెడ్, తలుపుల చట్రాలు మాత్రం ఉక్కువే. ఖరీదైన అచ్చుల జోలికి పోకుండా రేకులను చదునుగానే ఉంచి, బోల్టులతో, రివెట్లతో బిగించారు. టాపు వేరు, ముందు అద్దం చట్రం వేరు, పక్క రేకులు వేరు, కింది తొట్టి వేరు. వాటి మధ్య అతుకుల్లో వానను ఆపేవి రబ్బరు పట్టీలు. ఏళ్ల తరబడి ఎండకూ చలికీ రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఇన్ని అతుకులు పెట్టడమే తప్పు కదా అంటారు. ఆ అతుకులు ఉండబట్టే రైతు తన కొట్టంలో మామూలు స్పానర్లతో రేకు విప్పి, పాత పట్టీ గీకేసి, కొత్తది వేసుకోగలడు.

అసలు చిక్కు ఎక్కడంటే, నీరు దూరే చోటు ఒకటి, కనిపించే చోటు ఇంకొకటి. డ్రైవరు కాళ్ల దగ్గర తడిస్తే అందరూ తలుపునే అనుమానిస్తారు. కానీ దారి ముందు అద్దం కింద కూడా ఉండొచ్చు. నా ముందు అద్దం బానెట్ మీదికి వాల్చడానికి వీలుగా కట్టింది. దాని చట్రం బల్క్‌హెడ్ మీద ఒక రబ్బరు పట్టీ మీద కూర్చుంటుంది. ఆ కిందే గాలి కోసం రెండు మూతలుంటాయి. పట్టీ అణిగిపోయినా, మూతల అంచున ఉన్న స్పాంజి చివికినా, నీరు డ్యాష్‌బోర్డు వెనక జారి, వైర్ల వెంట నడిచి పాదాల దగ్గర తేలుతుంది. టాపు చుట్టూ ఉన్న గట్టరు అతుకులో పాత సీలరు ఎండి చిట్లితే, చుక్క లోపలి లైనింగ్ వెనక పాకి ఎక్కడో కారుతుంది. రెండు రేకులు మరీ దగ్గరగా ఉంటే ఆ సందులో నీరు పైకి కూడా ఎగబాకుతుంది. బండిని వాలులో నిలిపితే చుక్క పడే చోటు మారుతుంది. అందుకే వెతకడానికి ఒక వరస ఉండాలి. చాపలూ లైనింగూ తీసి, లోపల బాగా ఆరనిచ్చి, అతుకుల దగ్గర సుద్దపొడి అద్దండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. బయట ఉన్నవారు పైపుతో సన్నటి ధార పెట్టి, కింది అతుకుతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పైకి రావాలి. పై నుంచి మొదలెడితే జారే నీరు అన్నిటినీ ఒకేసారి తడిపేస్తుంది, దొంగ దొరకడు. తలుపుకైతే కాగితం ముక్క చాలు. దాన్ని అడ్డం పెట్టి మూసి లాగినప్పుడు సులువుగా జారివస్తే అక్కడ రబ్బరు ఒత్తడం లేదన్నమాట. వెంటనే లావు రబ్బరు కొనకండి. ముందు బందులు సర్ది, గొళ్లెం ప్లేటు జరిపి చూడండి. లావు రబ్బరు తలుపును బయటికి నెట్టి ఇంకో మూల సందు చేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఒక ట్యూబు సిలికాన్‌తో పోయేదానికి, అనేవాళ్లున్నారు. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అది లోహాన్ని తింటుంది. సిలికాన్ మీద రంగు పట్టదు. అంతకంటే పెద్ద నష్టం కంటికి ఆనదు. లోపలి అంచున పూసినప్పుడు నీరు అతుకులోకి వస్తుంది, బయటికి పోలేక అక్కడే నిలుస్తుంది. అల్యూమినియం, ఉక్కు తాకే చోట తడి నిలిస్తే రెండింటి మధ్యా కరెంటు పుట్టి, అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోతుంది. చలికాలంలో బ్రిటన్ రోడ్ల మీద చల్లే ఉప్పు దాన్ని వేగిరపరుస్తుంది. చుక్క ఆగింది కదా అని యజమాని సంతోషిస్తాడు, అతుకు మాత్రం లోపల కుళ్లుతూనే ఉంటుంది. పైగా గతుకుల్లో నా ఛాసిస్ మెలితిరుగుతుంది, రేకులూ దానితోపాటు కదులుతాయి; గట్టిపడిపోయే ఏ పూతా ఆ కదలికకు నిలవదు. గట్టరు అతుకును శుభ్రంగా గీకి సాగే గుణమున్న సీలరు బయటి నుంచి పెట్టాలి, బోల్టు అతుకులకు కొత్త రబ్బరు వేయాలి.

పొలం బండికి కాస్త తడి ఉంటే ఏమిటన్న మాటలో కొంత నిజముంది. వట్టి రేకు నేల తడిసినా త్వరగా ఆరుతుంది. తర్వాతి యజమానులు సుఖం కోసం పరిచిన కార్పెట్లు, శబ్దం ఆపే పరుపులు అలా ఆరవు. వాటి కింద నా బల్క్‌హెడ్ పాదాల గుంటలు తుప్పుతో చిల్లులు పడతాయి. ముందు తలుపుల బందులు, స్టీరింగు, పెడళ్లు అన్నీ ఆ బల్క్‌హెడ్ మీదే ఉన్నాయి. దాన్ని మార్చాలంటే నా ముందు భాగమంతా విప్పాలి. రబ్బరు పట్టీల ఖర్చు దాని ముందు ఏపాటిది?

అలాగని నన్ను సీసాలా బిగించడమూ మేలు కాదు. పక్కకు జరిగే అద్దాల కింది గాడిలోకి వాన ఎలాగూ చేరుతుంది. అక్కడ మట్టి, నాచు పేరుకుంటే నీరు లోపలికి పొర్లుతుంది. ఆ గాడిని గోకి శుభ్రం చేయాలి, తలుపు అడుగున ఉన్న రంధ్రాలను ఏటా వానలకు ముందు తీగతో పొడిచి తెరవాలి. కారుతోందని ఆ రంధ్రాలకే సీలెంటు కొడితే నీరు తలుపు చట్రంలో నిలిచి, ఉక్కును లోపలి నుంచి తినేస్తుంది.