తూటాల పద్దు

అమెరికాలో కొందరు పెద్దమనుషులకు ఒక ముచ్చట ఉంది. వందేళ్ల నాటి జర్మన్ మౌజర్‌నో, రష్యన్ మోసిన్ నాగాంట్‌నో కొనుక్కొస్తారు. రెండూ అయిదు తూటాల తుపాకులే. మరీ అయిదేనా అని ముక్కు విరిచి, అడుగు పలక ఊడదీసి, పదో ఇరవయ్యో పట్టే మ్యాగజైన్ తగిలిస్తారు. తర్వాత షూటింగ్ రేంజికి పోయి ఒకటి పేలుస్తారు. బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించి రెండోది పేలుస్తారు. ఇరవై పట్టినా రెండు వందలు పట్టినా ఈ నాలుగు పనులూ తూటా తూటాకూ చేత్తో చేసుకోవాల్సిందే. ఎడ్లబండికి పెట్రోలు ట్యాంకు బిగించినట్టుంటుంది యవ్వారం. పైగా మోసిన్ తూటాకు మడమ దగ్గర అంచు ఉంటుంది. పైదాని అంచు కిందిదాని అంచు వెనక ఇరుక్కుందా, వీరవిహారం అక్కడితో సరి.

వాళ్ల డబ్బు, వాళ్ల సరదా. పాపం, ఈ పిచ్చికి ఆద్యులు కూడా వాళ్లు కారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో కూరుకుపోయాక జర్మన్ సైన్యమే తన మౌజర్‌కు 20 తూటాల మ్యాగజైన్ వేలాడదీసింది. 1918లో అమెరికా సైన్యం వైమానిక దళం కోసమని స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు 25 తూటాలది తగిలించింది. విమానంలో పోయేవాడికి బోల్టు లాగే తుపాకీ అన్నమాట! ఆ ఆలోచన చేసినవాడు నేల మీదే ఉండి ఉంటాడు.

అసలు రసమంతా ఇంగ్లీషు దొరల దగ్గరుంది. జేమ్స్ పారిస్ లీ 1879లో పెట్టె మ్యాగజైన్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1888లో బ్రిటన్ ఆ పద్ధతిలోనే లీ మెట్‌ఫర్డ్ రైఫిల్‌ను సైన్యానికిచ్చింది. మొదట ఎనిమిది తూటాలు, తర్వాత పది. ఇచ్చిన నాటి నుంచి దొరలకు కంటి మీద కునుకు లేదు. సోల్జరు ఆ పదీ పేల్చేస్తే ఖర్చెవరిది? అందుకని మ్యాగజైన్ నోటికి అడ్డంగా ఒక రేకు పెట్టారు. దాన్ని లోపలికి తోస్తే అడుగునున్న తూటాలు పైకి రావు. సోల్జరు జేబులోంచి ఒక్కొక్కటే తీసి, పెట్టుకుని, పేల్చుకోవాలి. లోపలివి అవసరానికి. అవసరం ఎప్పుడొచ్చిందో అధికారి చెబుతాడు, అప్పటికి ఆయన బతికుంటే. నిమిషానికి 15 తూటాలు గురి తప్పకుండా కాల్చగలిగేలా సైన్యాన్ని తర్ఫీదు చేసిన వాళ్లే, 1914లో అదే సైన్యాన్ని ఆ రేకున్న తుపాకులతో ఫ్రాన్సుకు పంపారు. రేకు అక్కర్లేదని 1916లో గానీ తేలలేదు.

అది తెల్ల సోల్జరు భోగం. 1857 తర్వాత మన సిపాయికి ఎప్పుడూ ఒక తరం పాత తుపాకే ఇవ్వాలని రాజ్యనీతి. అక్కడ లీ మెట్‌ఫర్డ్ వచ్చాక ఇక్కడ ఒంటి తూటా మార్టినీ హెన్రీ దయచేయించారు. ఇక పహారాలకూ, జనాన్ని చెదరగొట్టడానికీ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో .410 మస్కెట్ అని ఒకటి చేశారు. చూడ్డానికి అచ్చం త్రీ నాట్ త్రీ, అంటే .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. మ్యాగజైన్ ఉండాల్సిన చోట మాత్రం చెక్కముక్క! పది తూటాల గూటిని శ్రద్ధగా పూడ్చి, ఒక్కదాన్ని మిగిల్చారు. పాత రైఫిల్ మ్యాగజైన్‌ను మార్చడంలో ఇంతటి పనితనం అమెరికా పెద్దమనుషులకు ఈ జన్మలో రాదు. తుపాకీ చేతికిచ్చి, పట్టినవాణ్ని నమ్మలేదని అందులోనే చెక్కతో చెప్పడం సామ్రాజ్యాలకే చెల్లింది.

దొరలు పోయారు. 1962 యుద్ధంలో చైనావాళ్ల దగ్గర సెమీ ఆటోమేటిక్ తుపాకులుంటే మన జవాన్ల చేతుల్లో త్రీ నాట్ త్రీలే. చేతులు కాలాక ఇషాపూర్‌లో అదే పాత లీ ఎన్‌ఫీల్డ్‌ను 7.62 తూటాకు మార్చి, మ్యాగజైన్‌ను పెంచారు. ఎంతకు? పదికి బదులు పన్నెండుకు! క్లిప్పులో వచ్చేవి అయిదేసి. రెండు క్లిప్పులు నొక్కితే పది. మిగతా రెండూ విడిగా, చేత్తో. స్వతంత్ర భారతం తన జవానుకు ప్రసాదించిన పొడిగింపు అది, అక్షరాలా రెండు తూటాలు.

2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్లో ఉగ్రవాదుల ఏకే 47లకు ఎదురుగా రైల్వే పోలీసుల చేతుల్లో ఉన్నది ఏమిటి? ఆ త్రీ నాట్ త్రీయే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో లాంఛనంగా వీడ్కోలిచ్చారు. తొందరేముంది!

తుపాకీ మారింది గానీ పద్దు మారలేదు. నేటికీ ఫైరింగ్ ప్రాక్టీసు అయ్యాక కాల్చిన ప్రతి తూటాకూ ఎంప్టీ, అంటే ఖాళీ తొడుగు, ఏరి అప్పజెప్పాలి. ఒకటి తగ్గిందంటే కానిస్టేబుళ్లంతా గడ్డిలో వంగి వెతుక్కోవాలి. తూటా ఎక్కడ తగిలిందని అడిగేవాడు ఉన్నా లేకపోయినా, ఎంప్టీ ఎక్కడ పడిందని అడిగేవాడు మాత్రం రిజిస్టరు పట్టుకుని నిలబడే ఉంటాడు.