‘ఎక్స్‌ఎల్‌డౌన్’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: రేంజ్ ఏ2, రేంజ్ ఏ2 డాట్ ఎండ్ ఎక్స్‌ఎల్‌డౌన్, డాట్ కాపీ.

అవతారిక: నెలనెలా నిడివి మారే లబ్ధిదారుల జాబితాను ఒక షీటు నుంచి మరొక షీటుకు తరలించడానికి, 1993 నుంచి ఎక్సెల్‌లో ఉన్న వీబీఏ అనే మాక్రో భాషలో పుట్టిన ఈ సూత్రం బరంపురం ఆఫీసుల్లో గురుముఖంగానే సంక్రమిస్తున్నది. అర్థం అడిగిన గుమాస్తాకు “బటన్ నొక్కండి, అంతా డైనమిక్” అన్నదే ఉపదేశం గనుక టీక అవసరమైంది. మూలంలో లేనిది రాయకపోవడం, అక్కరలేనిది చెప్పకపోవడం అన్న మల్లినాథసూరి నియమం ఇక్కడా శిరోధార్యం.

టీక: రేంజ్, కాపీ, డాట్ అన్నవి సుబోధాలు. ఎక్స్‌ఎల్‌డౌన్ అన్నదే విచారణీయం. ఏ2 గడిలో నిలిచి, కంట్రోల్ మీటతో కింది బాణం నొక్కితే కర్సరు చేరే చోటు అని దీని అర్థం. అది జాబితా చివర అని గురువుల మతం. మొదటి ఖాళీ గడికి పై గడి మాత్రమే అని సిద్ధాంతం. జాబితాలో ఉన్నది ఒక్కరే అయి, ఏ3 నుంచి అంతా ఖాళీ అయితే కర్సరు ఏకంగా 10,48,576వ వరుసకు దిగిపోతుంది గనుక గురువుల మతం రెండు వైపులా చెడింది.

ఖాళీ తగిలిన చోట వరుస ముగిసిందనడంలో దోషమేమిటని పూర్వపక్షం. దానికి గంజామే సమాధానం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాను చీల్చి, ఇచ్ఛాపురాన్ని మద్రాసు వైపు, బరంపురాన్ని ఒరిస్సా వైపు ఉంచిన గీత తెలుగు అక్కడితో ముగిసినట్లు చూసేవారికి తోపించింది. ఆ గీతకు నిరసనగా గిడుగు రామమూర్తి ఒరిస్సా వైపు పడిన పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం చేరారు (వాడుక భాష కోసం పోరాడిన వారి పేరు ఇలాంటి శైలిలో తలచడం సాహసమే). అదే రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి పూర్వం వలస వచ్చామని చెప్పుకొనే దేరా నేతవారు మాత్రం బరంపురం పట్టును, రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రను విడవకుండా ఇక్కడే ఉన్నారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టిన ఊరు కూడా ఇదే. ఇచ్ఛాపురం నుంచి బయలుదేరి, దారిలో ఒడియా పలుకు వినపడగానే ఆగిపోయినవాడు తెలుగు బరంపురాన్ని చూడడు. హౌరా నుంచి రైల్లో వెనక్కి వచ్చేవాడికి బరంపురం ప్లాట్‌ఫారం మీదే తెలుగు చెవిన పడుతుంది. ఇలాగే చిట్టచివరి వరుస నుంచి పైకి వస్తూ, తగిలిన మొదటి నిండు గడి దగ్గర ఆగడాన్ని వీబీఏ ఎక్స్‌ఎల్‌అప్ అంటుంది. మల్లినాథుడు క్షమించుగాక.

తాత్పర్యం: సూరత్ మరమగ్గాలకు పోయిన మనిషి బ్యాంకు ఖాతా నంబరు అందక ఏ2 కింది నిలువు వరుసలో అతని గడి ఖాళీగా మిగిలితే, అతని కింద ఉన్నవారందరూ, కాగితాలన్నీ సకాలంలో ఇచ్చినవారు సైతం, చెల్లింపు షీటుకు చేరరు. మాక్రో ఏ తప్పునూ చూపకుండా పని ముగిస్తుంది. కౌంటరు దగ్గర నిలిచిన ముసలామెకు “లిస్టులో నీ పేరు లేదమ్మా” అని చెప్పేవారు కూడా అబద్ధమాడరు. వారి ముందున్న లిస్టులో నిజంగానే లేదు. ఈ నెల జాబితా పొట్టిదైతే మరొక చిక్కు: పాత షీటును తుడవకుండా అతికించినందున పోయిన నెల తోక కిందనే వేలాడి, అర్హత పోయినవారికి మళ్లీ చెల్లింపు సిద్ధమవుతుంది.

దేశాంతరంలోనూ ఈ జాతి దోషానికి దృష్టాంతం ఉంది. 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ ఫైలు రకాన్ని వాడినందున 2020లో ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి.

పాఠాంతరం: ఎక్స్‌ఎల్‌అప్ పాఠమే గ్రాహ్యం. అయితే ఖాతా నంబర్ల నిలువు వరుసను కాక, ఎప్పుడూ నిండి ఉండే క్రమసంఖ్యల వరుసను పట్టుకుని చివరను కనుక్కోవాలి; అతికించే ముందు పాతదాన్ని తుడవాలి; మూల జాబితాలో ఎన్ని పేర్లు, నకలులో ఎన్ని పేర్లు అన్నది తెర మీద చూపే వాక్యం ఒకటి చేర్చాలి. చేర్చమని అడిగిన గుమాస్తాకు మాత్రం, మాక్రోకు పాస్‌వర్డ్ ఉందని, అది తెలిసిన సారు భువనేశ్వర్‌కు బదిలీ అయ్యారని, జాబితాలోనే ఖాళీలు లేకుండా చూసుకోమని జవాబు వస్తుంది.