సార్, మీరు మ్యూట్‌లో ఉండారు

దేశంలో ఇంజినీర్లకు కరువని ఎవరన్నా అంటే, శనివారం పొద్దున పూతలపట్టు దగ్గర రోడ్డు మీద నిలబెట్టండి. బెంగళూరు నుంచి తిరుపతికి పోయే కార్లలో సగానికి సగం వాళ్లే. అద్దం మాత్రం దించరు, ఏసీ పోతుంది. సోమవారం బెంగళూరు చేరుకున్నాక, వాళ్లలోనే ఒక పెద్దమనిషి అదే రోడ్డు పక్క బడిలో టీవీ తెర మీద ప్రత్యక్షం: ‘ఇంజినీరుతో ముఖాముఖి’.

తప్పు పట్టడం లేదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం బడికి 20 లక్షల దాకా ఇచ్చి, మెంటార్లను కూడా జత చేసింది. 2022 డిసెంబరులో రాష్ట్రం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులే పంచింది. ఇక కావాల్సింది కరెంటూ, సిగ్నలూ ఒకే పూట ఉండటం.

ఆ పూట వచ్చిందనే అనుకుందాం. మొదటి ఇరవై నిమిషాలు సారు పెదాలు ఆడాయి, మాట రాలేదు. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. మాట వచ్చాక ‘పెద్ద కలలు కనండి’ అన్నారు. అప్పుడు వెనక బెంచీ పాప లేచింది.

“సార్, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మా బోరు మోటారు ఎందుకు కాలిపోతాది?”

“వెరీ గుడ్ క్వశ్చన్” అన్నారు సారు. ఐటీ భాషలో దానికి ‘తెలీదు’ అని అర్థం.

“కరెంటు రాగానే ఊర్లో ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే తిరిగితే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి సార్?”

అదీ వెరీ గుడ్డే.

మూడోవాడిది మామిడి బాధ. “2025లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8, సర్కారు 4, మొత్తం 12 అనిరి. ఆ దుడ్లు మా నాయన చేతికి ఎప్పుడొస్తాయో చెప్పే యాప్ ఉందా సార్?”

“రోడ్‌మ్యాప్‌లో పెడదాం” అన్నారు సారు. ఏ రోడ్డని పిల్లోడు ఇంకా చూస్తానే ఉండాడు.

ఈ పూతలపట్టు మండలంలోనే పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజినీరు కొలువు వదిలొచ్చి, 1985లో తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా కంపెనీ పెట్టారు. అప్పట్లో వీడియో కాల్ లేదు కాబట్టి, పాపం, మనిషే రావాల్సి వచ్చింది.

చివరికి పాప ప్రశ్నకు జవాబు రోడ్డు మీది మోటారు వైండింగు షాపులో దొరికింది. “ఒక ఫేజు పోతే ఆ బరువంతా మిగతా రెండే మోయల్ల కదమ్మా. కరెంటు ఎక్కువ లాగుతాయి, తీగ వేడెక్కి వార్నీషు మాడిపోతాది” అన్నాడా అన్న, కాలిన రాగి తీగ ఒకటి చేతికిచ్చి వాసన చూడమన్నాడు. ఆయన్ను ముఖాముఖికి ఎవరూ పిలవలేదు. లింకు పంపాలంటే మెయిల్ ఐడీ ఉండాలి కదా.

మరునాడు పాప ఆ జవాబును చాట్‌లో సారుకు పంపింది. నిమిషంలో బదులొచ్చింది: “థ్యాంక్స్ అమ్మా. ఆ వైండింగు అన్న నంబరు ఉంటే పెట్టు. ఊర్లో మా నాయన మోటారు కాలి నాలుగు రోజులైంది.”